రక్తం చెప్పే మాట, మూత్రం చెప్పే మాట

జయపురం నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం మాకు పోయిన నెల అందింది. అందులో సారాంశం ఇది. వారి భర్తగారికి ఆరేళ్ళుగా షుగరు వ్యాధి ఉన్నది. రెండు నెలల క్రితం డాక్టరుగారు పాత మాత్రలకు తోడు ఒక కొత్త మాత్ర వ్రాసి ఇచ్చారు. మొన్న రక్తమూ మూత్రమూ రెండూ పరీక్ష చేయించారు. రక్తంలో ఉపవాసం మీద 118 ఉన్నది. మూత్రంలో మాత్రం నాలుగు ప్లస్సులు వేసి ఉన్నాయి. "నాలుగు ప్లస్సులు చూచిన దగ్గర్నుంచి మా అత్తగారు ఆయనకు అన్నం పెట్టడం మానేశారు. రెండు పూటలా మజ్జిగ ఇచ్చి పడుకోబెడుతున్నారు. రక్తం మంచిగా ఉన్నదంటుంది, మూత్రం చెడిందంటుంది. ఏ కాగితం నమ్మాలి? క్లోమం సంగతి అసలు ఏ పరీక్షలో తెలుస్తుంది?" అని ఆ సోదరి అడిగారు.

పాఠకులకు ముందుగా ఒక మనవి. మేము డాక్టర్లం కాము. మెట్రిక్ ప్యాసై, ఇరవై ఏళ్ళకు పైగా ఆఫీసులో కాగితాలు వరుసలో పెట్టుకుంటున్న గుమాస్తాలం. అయితే ఈ వ్యాధి మా ఇంట్లో మూడు తరాలుగా తిష్ఠ వేసి ఉన్నది గనుక, డాక్టర్లు చెప్పినది విని, చదవదగినది చదివి, కొంత తెలుసుకున్నాము. ఆ సోదరికి వెంటనే ఒక కార్డు వ్రాశాము. "ముందు ఆయనకు అన్నం పెట్టండి, తరువాత ఇవాళే ఆ డాక్టరుగారికి రెండు కాగితాలూ చూపించండి" అన్నాము. ఎందుకలా వ్రాశామో అందరికీ ఉపయోగపడేట్లు ఈ నెల ముచ్చటిస్తాము.

మొదట ఈ క్లోమం ఎక్కడున్నదో చూద్దాం. మన ప్రాంతంలో ఇదొక చిక్కు. ఇక్కడి డాక్టర్లు ఒడియాలో దానిని "అగ్న్యాశయ" అంటారు. మన పెద్దవాళ్ళు ఆ మాట విని అగ్ని అంటే జఠరాగ్ని గదా, కడుపు సంగతి కాబోలు అనుకొని, ఇంటికి వచ్చి వాముకషాయం కాచుకుంటారు. మా అమ్మగారే ఒకసారి అలా పొరబడ్డారు. అది కడుపు కాదు. కడుపు వెనక, వెన్నుకు ముందు, అడ్డంగా ఒదిగి జానెడు పొడవున ఉండే మెత్తని గ్రంథి. బరువు 100 గ్రాములకు అటూ ఇటూ. తెలుగులో దానినే క్లోమం అంటాము.

ఈ చిన్న గ్రంథి రెండు ఉద్యోగాలు చేస్తుంది. మొదటిది జీర్ణానికి సంబంధించినది. రోజుకు లీటరున్నర దాకా రసం తయారుచేసి చిన్న ప్రేగులోకి పంపుతుంది. అందులోని అమైలేజు పిండి పదార్థాన్నీ, లైపేజు కొవ్వునూ, ట్రిప్సిన్ మాంసకృత్తులనూ విడగొడతాయి. రెండవది ఇన్సులిన్ తయారుచేసి నేరుగా రక్తంలోకి వదలడం. ఈ రెండవ పని చేసే కణాల గుంపులను 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ విద్యార్థి మొదట కనిపెట్టాడు. గ్రంథి మొత్తంలో అవి నూటికి ఒకటి రెండు పాళ్ళే. ఒకే కప్పు క్రింద రెండు ఆఫీసులు ఉన్నట్లన్న మాట. ఒక దాని లెక్క అడిగితే రెండవ దాని లెక్క రాదు. క్లోమం పరీక్ష అనగానే "ఏ ఆఫీసు సంగతి?" అని ముందు అడగాలి.

రక్తం కంటే ముందు మూత్రమే ఈ వ్యాధి కబురు చెప్పింది. రోగి మూత్రానికి చీమలు పడతాయని మన ఆయుర్వేదులు ఏనాడో గమనించి, మధుమేహం అని పేరు పెట్టారు. 1776లో మాథ్యూ డాబ్సన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ తీపి చక్కెర వల్లనేనని చూపి, రోగి రక్తంలోనూ తీపి ఉన్నదని వ్రాశాడు. 1889లో స్ట్రాస్‌బుర్గ్ నగరంలో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుక్కకు క్లోమం తీసివేస్తే దాని మూత్రంలో చక్కెర దిగింది. క్లోమానికీ షుగరుకూ ఉన్న చుట్టరికం ఆ మూత్రం వల్లనే బయటపడింది.

తరువాత 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో అమెరికాలో బెనెడిక్ట్ అనే ఆయన ఒక నీలి ద్రావకం తయారుచేశాడు. అది మన పాతతరం ఇళ్ళలో చాలామందికి పరిచయమే. పరీక్షనాళికలో 5 సీసీల ద్రావకం, 8 చుక్కల మూత్రం పోసి మరగబెట్టాలి. నీలం మారకపోతే చక్కెర లేదు. ఆకుపచ్చకు తిరిగితే కొద్దిగా ఉన్నది. పసుపు, నారింజ, చివరకు ఇటుక రంగు వస్తే బాగా ఉన్నదన్న మాట.

ఆ ద్రావకం వాసన మాకు ఇప్పటికీ జ్ఞాపకమే. బరంపురంలో మా పెద్దమావయ్య ఒక పట్టుచీరల కొట్టులో లెక్కలు వ్రాసేవారు. సుమారు 1990 నాటి మాట; మాకు పదేళ్ళు. సెలవులకు వాళ్ళింటికి వెళితే రోజూ తెల్లవారి ఆ పరీక్ష మా చేత చేయించేవారు. స్పిరిటు దీపం వెలిగించి, నాళికను పట్టకారుతో పట్టుకొని, ద్రావకం పొంగి చేతిమీద పడకుండా ఊపుతూ మరిగించడం మాకు గొప్ప ఉద్యోగం. రంగు చూచి "నీలం, మావయ్యా!" అని వంటింటి దాకా వినబడేట్లు కేకవేసేవాళ్ళం. అత్తయ్య దేవుడికి దండం పెట్టుకునేది. మావయ్య "చూశావట్రా, నా నోరు నా చేతిలో ఉంది" అని మీసం దువ్వేవారు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో నీలమే వచ్చింది. నీలం వచ్చిందని రక్తం ఏనాడూ చూపించలేదు. పైగా సూది అంటే ఆయనకు భయం కూడాను.

ఒక వేసవిలో కొత్త చెప్పు కరచి కాలి బొటనవేలి ప్రక్కన చిన్న పుండు పడింది. నొప్పి లేదు గనుక ఎవరూ లక్ష్యపెట్టలేదు. నొప్పి లేకపోవడమే చెడ్డ గుర్తు అని మాకెవరికీ తెలియదు. నెల దాటినా పుండు మానక, వేలు నల్లబడ్డాక డాక్టరుగారి దగ్గరకు తీసుకుపోయారు. ఆయన అప్పుడు రక్తం తీయించారు. ఉపవాసాన 174, భోజనం తరువాత 238. అదే భోజనం తరువాత మూత్రం చూస్తే లేత ఆకుపచ్చ, అంతే. ఆ వేలూ, ప్రక్క వేలూ తీసివేయవలసి వచ్చింది. "నీలం వచ్చేది గదండీ!" అని అత్తయ్య డాక్టరుగారిని అడగడం మేము గుమ్మంలో నిలబడి విన్నాము. ఆ నీలం కేకలు వేసింది మేమే. అందుకే ఈ సంగతి మాకు ఒట్టి సైన్సు విషయం కాదు.

ఆ డాక్టరుగారు అత్తయ్యకు చెరువు పోలిక చెప్పారు. మంచి పోలిక గనుక అదే చెబుతాము. రక్తం చెరువు అనుకోండి. అందులోని చక్కెర నీటి మట్టం. మూత్రపిండాలు ఆ చెరువుకు అలుగు. మట్టం అలుగు ఎత్తు దాటితేనే నీరు పొర్లుతుంది. పొర్లిన ఆ నీరే మూత్రంలో కనబడే చక్కెర. మామూలు మనిషిలో అలుగు ఎత్తు డెసిలీటరు రక్తానికి సుమారు 180 మిల్లీగ్రాములు. అంటే చక్కెర 170 ఉన్నా మూత్రంలో ఏమీ కనబడదు. ఆరోగ్యవంతుడికి ఉపవాసాన ఉండవలసినది 100 లోపు. 100కూ 180కీ నడుమ జరిగే కథంతా మూత్రానికి తెలియనే తెలియదు!

అది చాలదన్నట్లు అలుగు అందరిలో ఒక ఎత్తున ఉండదు. వయసు మళ్ళినవారిలో, వ్యాధి ముదిరినవారిలో అలుగు పైకి లేస్తుంది. మా మావయ్య సంగతి అదే. చెరువు నిండుకుండలా ఉన్నా చుక్క పొర్లలేదు. గర్భిణీ స్త్రీలలో అలుగు దిగుతుంది. కొందరికి పుట్టుకతోనే అలుగు తక్కువ. వాళ్ళకు రక్తంలో చక్కెర సరిగానే ఉన్నా మూత్రంలో కనబడుతూ ఉంటుంది. అది షుగరు వ్యాధి కాదు. ఇక బెనెడిక్ట్ ద్రావకానికి మరొక లోపం కూడా ఉన్నది. పాలిచ్చే తల్లుల మూత్రంలో దిగే పాలచక్కెరకూ, విటమిన్ సి ఎక్కువ తీసుకున్నవారి మూత్రానికీ కూడా అది రంగు మారుతుంది. ఇప్పటి కాగితపు పట్టీలు గ్లూకోజును మాత్రమే పట్టుకుంటాయి గాని, అలుగు చిక్కు వాటికీ తప్పదు.

ఇంకొకటి. మూత్రం చెప్పేది ఇప్పటి కబురు కాదు. మూత్రాశయంలో మూడు నాలుగు గంటలుగా నిలవ ఉన్న కబురు. చక్కెర తక్కువై చెమటలు పట్టి కళ్ళు తిరుగుతున్న మనిషి మూత్రంలో కూడా పొద్దుటి ఎక్కువ చక్కెర కనబడవచ్చును. ఇక చక్కెర ప్రమాదకరంగా 50కి పడిపోయిందా, చక్కగా 95 ఉన్నదా అన్న భేదం మూత్రం ఎన్నటికీ చెప్పలేదు. రెండింటికీ దాని జవాబు నీలమే.

ఇప్పుడు జయపురం సోదరి ప్రశ్నకు వస్తాము. ఆ కొత్త మాత్ర పేరు ఉత్తరంలో ఉన్నది గనుక గుట్టు తెలిసింది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మొదలైన పేర్లతో వచ్చే ఈ మాత్రల పనే అలుగును క్రిందికి దించడం. మూత్రపిండాలు తిరిగి లాక్కోవలసిన చక్కెరను లాక్కోనివ్వకుండా బయటికి పంపించి, రక్తంలో మట్టం తగ్గిస్తాయి. కనుక ఈ మాత్ర వేసుకునే ప్రతివారికీ మూత్రంలో ప్లస్సులు రావలసినదే. అది మాత్ర పనిచేస్తున్నదనడానికి గుర్తు. ఆ కాగితంలో నాలుగు ప్లస్సులు చూచి భయపడవలసినది లేదు. మందు వాడుతున్న మనిషికి 118 మంచి అంకె.

భయపడవలసినది ఆ మజ్జిగ ఉపవాసానికి! ఈ మాత్ర వేసుకుంటూ అన్నం మానేస్తే శరీరం కొవ్వును కరిగించి కీటోనులనే ఆమ్లాలను తయారుచేస్తుంది. అవి పెరిగితే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తాయి. ప్రాణం మీదికి రావచ్చును. విచిత్రమేమంటే అప్పుడు కూడా రక్తంలో చక్కెర పెద్దగా పెరిగి ఉండకపోవచ్చును. అందుకనే పెద్ద ఉపవాసాలకూ, ఆపరేషన్లకూ ముందు, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడూ ఈ మాత్ర సంగతి డాక్టరును అడగాలి. ఆ అత్తగారిని మేము తప్పుపట్టము. కొడుకు మీద ప్రేమతోనే చేశారు. ఒక్క కాగితం చదివి రెండవ కాగితం మీద ఏమున్నదో చూడలేదు, అంతే. మా అత్తయ్యదీ ఆ పొరబాటే. ఒకరు నీలాన్ని నమ్మారు, ఒకరు ప్లస్సులకు భయపడ్డారు.

మరి రక్తం ఏం చెబుతుంది? రక్తంలో చక్కెర కొలవడం ఒకప్పుడు తేలిక పని కాదు. కొద్ది రక్తంతో నమ్మకంగా కొలిచే పద్ధతిని 1919 ప్రాంతంలో హార్వర్డులో ఫోలిన్, ఆయన చైనా శిష్యుడు వూ కలిసి స్థిరపరచారు. ఆ ఫోలిన్ శాఖలోనే కొద్ది ఏళ్ళకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు చేరి, ఫిస్కేతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి 1925లో ప్రకటించారు. అది షుగరు పరీక్ష కాదు గాని, రక్తాన్నీ మూత్రాన్నీ రంగుతో కొలిచే ఆ విద్యలో ఒక తెలుగువాడి చేయి ఉన్నదని మన పిల్లలకు చెప్పుకోదగినదే.

ఈనాడు షుగరు వ్యాధి ఉన్నదని తేల్చేది రక్తమే. కనీసం 8 గంటల ఉపవాసం మీద 126 గాని అంతకు మించి గాని ఉండాలి. లేదా 75 గ్రాముల గ్లూకోజు తాగిన 2 గంటలకు 200 గాని అంతకు మించి గాని ఉండాలి. లేదా హిమోగ్లోబిన్ ఏ1సి 6.5 శాతం గాని అంతకు మించి గాని ఉండాలి. లక్షణాలేవీ లేని మనిషికి ఒక్క పరీక్షతో ముద్ర వేయక మరొకసారి చూచి నిర్ధారిస్తారు. మూత్రం చూచి "ఉన్నది, లేదు" అని తీర్పు చెప్పే రోజులు పోయినాయి.

ఈ ఏ1సి అనేది గడచిన రెండు మూడు నెలల సగటు. ఎర్రకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. ఆ బ్రతికినన్నాళ్ళూ దానికి చక్కెర అంటుకుంటూ ఉంటుంది. పరీక్షకు ముందు రెండు రోజులు నోరు కట్టుకొని డాక్టరును మోసం చేసే యుక్తి దీని ముందు సాగదు! అయితే రక్తం కూడా అబద్ధమాడే సందర్భాలున్నాయి. ఎర్రకణాలు త్వరగా నశించే వ్యాధులలో ఏ1సి ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. మన ఒడిశాలో, ముఖ్యంగా పడమటి జిల్లాలలో, సికిల్ సెల్ వ్యాధి చాలా కుటుంబాలలో ఉన్నది. అలాంటివారు ఏ1సి ఒక్కదానినే నమ్ముకోరాదు. ఇనుము తక్కువై రక్తం పలచబడినవారిలో అది కొంత ఎక్కువ చూపవచ్చును. ఇక తీసిన రక్తం ఊరికే నిలవ ఉంచితే అందులోని కణాలే చక్కెరను తింటూ పోయి అంకె తగ్గిపోతుంది. అందుకే చక్కెర పరీక్షకు బూడిదరంగు మూత ఉన్న గొట్టంలో, దానిని ఆపే మందు కలిపి తీస్తారు.

ఇంతవరకూ చెప్పినదంతా చక్కెర పరీక్ష. క్లోమం పరీక్ష కాదు సుమండీ! చక్కెర పెరిగినదంటే క్లోమం చచ్చిపోయిందని చాలామంది అనుకుంటారు. పెద్దవయసులో వచ్చే రకం వ్యాధిలో మొదట్లో క్లోమం మామూలు కంటే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తూ ఉండవచ్చును. ఒళ్ళు దాని మాట వినక చక్కెర పెరుగుతుంది. క్లోమం నిజంగా ఎంత ఇన్సులిన్ చేస్తున్నదో తెలుసుకోవడానికి సి-పెప్టైడ్ అనే పరీక్ష ఉన్నది. క్లోమం ఇన్సులిన్ తయారుచేసేటప్పుడు దానితో సరిసమానంగా ఈ ముక్క విడివడుతుంది. సూదితో ఎక్కించుకునే ఇన్సులిన్‌లో ఇది ఉండదు. కనుక ఇన్సులిన్ వేసుకుంటున్నవారిలో కూడా సొంత సంపాదన ఎంతో తెలిసిపోతుంది. దీనిని రక్తంలోనూ చూడవచ్చు, మూత్రంలోనూ చూడవచ్చు. అయితే మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో రెండు లెక్కలూ తప్పుతాయి. ఇది అందరికీ అవసరమైన పరీక్ష కాదు. చిన్నవయసులో వచ్చే రకమా, పెద్దవయసు రకమా అన్న సందేహం వచ్చినప్పుడే డాక్టరు వ్రాస్తారు.

ఇక రెండవ ఆఫీసు, అంటే జీర్ణరసం వైపు. మాతో పనిచేసే ఒక గుమాస్తాగారికి రెండేళ్ళ క్రితం పెళ్ళిభోజనం చేసి వచ్చిన రాత్రి పై కడుపులో నొప్పి మొదలైంది. నొప్పి వెన్నులోకి పొడుచుకుపోతున్నదట. ముందుకు వంగి కూర్చుంటే కాస్త ఉపశమనం. గ్యాసు అనుకొని సోడా తాగి, మాత్రలు మింగి, నాలుగు రోజులు ఇంట్లోనే పడుకున్నారు. అయిదవనాడు చూపిస్తే రక్తంలో అమైలేజు ఇంచుమించు మామూలుగానే ఉన్నది. లైపేజు మాత్రం మామూలు కంటే అయిదారు రెట్లున్నది. స్కానింగులో పిత్తాశయంలో రాళ్ళు కనబడ్డాయి. ఒక రాయి జారి క్లోమరసం వచ్చే దారికి అడ్డం పడి క్లోమం వాచింది.

ఎందుకలా అయింది? క్లోమం వాచినప్పుడు ప్రేగులోకి పోవలసిన రసం రక్తంలోకి లీకవుతుంది. అమైలేజు కొద్ది గంటలలో పెరిగి, మూడు నుంచి అయిదు రోజులలో దిగిపోతుంది. లైపేజు ఒకటి రెండు వారాలు నిలుస్తుంది. ఆలస్యంగా వచ్చిన రోగి విషయంలో అందుకనే లైపేజు నమ్మకమైన సాక్షి. పైగా అమైలేజు లాలాజలంలో కూడా ఉన్నది. గవదబిళ్ళలు వచ్చిన పిల్లవాడికి కూడా అది పెరుగుతుంది! తగిన నొప్పి, రక్తంలో అమైలేజు గాని లైపేజు గాని మామూలు పైహద్దుకు కనీసం మూడు రెట్లు ఉండటం, స్కానింగులో వాపు కనబడటం, ఈ మూడింటిలో రెండు ఉంటే క్లోమం వాపు అని నిర్ణయిస్తారు. అంకె ఎంత పెద్దదైతే జబ్బు అంత పెద్దదనుకోరాదు. అంకెకూ తీవ్రతకూ అటువంటి లంకె లేదు.

మూత్రానికి ఇక్కడ కొంత పాత్ర ఉన్నది. మూత్రంలో అమైలేజును కొలవడం 1908లోనే వోల్‌గెముట్ అనే జర్మన్ వైద్యుడు మొదలుపెట్టాడు. రక్తంలో దిగిపోయిన తరువాత కూడా మూత్రంలో అది కొన్నాళ్ళు ఎక్కువగా ఉంటుంది. లైపేజు మూత్రంలో కనబడదు. మూత్రపిండాలు దానిని తిరిగి పీల్చుకుంటాయి. రెండూ కలిపి చూస్తేనే ముడి విడే సందర్భం ఒకటున్నది. కొందరిలో అమైలేజు మరొక పెద్ద మాంసకృత్తుకు అంటుకొని, మూత్రపిండాల జల్లెడలో దూరలేక రక్తంలోనే పేరుకుపోతుంది. రక్తం చూస్తే ఎక్కువ, మూత్రం చూస్తే తక్కువ. క్లోమానికి ఏ జబ్బూ ఉండదు. రక్తం మాత్రమే చూచినవాడు లేని జబ్బుకు స్కానింగుల మీద స్కానింగులు తీయిస్తాడు. మూత్రం కూడా చూచినవాడు ధైర్యం చెప్పి పంపుతాడు. ఇక్కడ మావయ్య కథ తలక్రిందులైంది చూశారా? అబద్ధమాడింది రక్తం. నిజం చెప్పింది మూత్రం.

ఏళ్ళ తరబడి నెమ్మదిగా క్షీణించే క్లోమం సంగతి వేరు. గ్రంథి ఎండిపోయిన తరువాత లీకు కావడానికి రసమే ఉండదు గనుక రక్తంలో అమైలేజు, లైపేజు మామూలుగానే ఉండి మోసపుచ్చుతాయి. అప్పుడు జీర్ణశక్తి సంగతి మలంలో చూడాలి. అందులో ఎలాస్టేజు అనే ద్రవ్యం గ్రాముకు 200 మైక్రోగ్రాముల లోపు ఉంటే రసం చాలడం లేదని అనుమానిస్తారు. ఒకప్పుడు దీనికి మూత్రపరీక్ష కూడా ఉండేది. రోగి చేత ఒక మందు మింగిస్తే, క్లోమరసం దానిని కోసి, కోసిన ముక్క మూత్రంలోకి వచ్చేది. ఆరు గంటల మూత్రం పట్టి ఎంత వచ్చిందో కొలిచేవారు. యుక్తి మంచిదే గాని ఇప్పుడది దాదాపు వాడుకలో లేదు. మలం జిడ్డుగా, నీటిలో తేలుతూ, దుర్వాసనతో పోతూ, తిన్నా మనిషి చిక్కిపోతూ ఉంటే సిగ్గుపడక డాక్టరుకు చెప్పాలి.

ఇదంతా చదివి "అయితే మూత్రపరీక్ష దండుగ, ఇక మానేద్దాం" అని ఎవరైనా అనుకుంటారేమోనని మా భయం. అది మూడవ పొరబాటు. షుగరు ఉన్నవారు ఏడాదికొకసారైనా మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోవాలి. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. అంతకు మించి పదే పదే వస్తుంటే మూత్రపిండాలకు దెబ్బ తగులుతున్నదన్న మాట. రక్తంలో క్రియాటినిన్ పెరగడానికి ఎంతో ముందే మూత్రం ఈ హెచ్చరిక చేస్తుంది. అప్పుడు జాగ్రత్తపడితే చాలావరకు కాపాడుకోవచ్చును. వాంతులూ ఆయాసమూ ఉన్నప్పుడు కీటోనులను కూడా మూత్రంలో చూడవచ్చు. కనుక మూత్రాన్ని ఉద్యోగం నుంచి తీసివేయకండి. దానికి చేతనైన పని దానికి ఇవ్వండి.

ఇక మా గుమాస్తా బుద్ధి కొద్దీ నాలుగు మాటలు. పరీక్ష కాగితాలన్నీ తేదీ వరుసన ఒక ఫైలులో పెట్టుకోండి. ప్రతి కాగితం మీద ఉపవాసమా, భోజనం తరువాతా, ఎన్ని గంటలకు, ఏ మాత్రలు వాడుతున్నారు అన్నది మీ చేతితో వ్రాయండి. రక్తం ఒకటి మూత్రం ఒకటి చెప్పినప్పుడు ఇంట్లో పంచాయితీ పెట్టక, రెండూ తీసుకొని డాక్టరు దగ్గరకు వెళ్ళండి. కాగితం చూచి మందు పెంచడం, తగ్గించడం, తిండి మాన్పించడం మనం చేయరాదు. డాక్టరు ఒడియాలో చెప్పినది మన పెద్దవాళ్ళకు అర్థం కాలేదనిపిస్తే, ప్రక్కనున్న పిల్లలు తెలుగులో విడమరచి చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం, రోజూ రాత్రి అరికాళ్ళు చూచుకోండి. దానికి రక్తమూ అక్కరలేదు, మూత్రమూ అక్కరలేదు, ఒక దీపం చాలు.

మా మావయ్య ఆ తరువాత పదకొండు ఏళ్ళు బ్రతికారు. వేలికి సూది గుచ్చించుకోవడానికి మొదట్లో చిన్నపిల్లవాడిలా మొహం తిప్పుకునేవారు. తరువాత అలవాటు పడ్డారు. కుంటుతూనే కొట్టుకు వెళ్ళి లెక్కలు వ్రాశారు. అత్తయ్య ఆ పరీక్షనాళికను పారవేయలేదు. ఇప్పటికీ వాళ్ళ వంటింటి గూటిలో అగరువత్తులు పెట్టుకోవడానికి వాడుకుంటున్నది. మొన్న వెళ్ళినప్పుడు మా చేతికి ఇచ్చి, "జ్ఞాపకముందట్రా?" అన్నది. ఉన్నదన్నాము.

జయపురం సోదరి నుంచి ఈ వారం జవాబు వచ్చింది. డాక్టరుగారు రెండు కాగితాలూ చూచి, మూత్రంలో ప్లస్సులు ఆ మాత్ర వల్లనేనని అత్తగారికి స్వయంగా నచ్చజెప్పారట. ఆయన ఇప్పుడు రెండు పూటలా అన్నం తింటున్నారట. పాఠకులలో ఎవరికైనా ఇటువంటి కాగితాల చిక్కు వస్తే, ముందు డాక్టరుకు చూపించి తరువాత మాకు వ్రాయండి. ఈ నెలకు సెలవు.